గంటా అయిదు నిమిషాల దూరం

పర్చూరు,
18 ఆగస్టు 2024, ఆదివారం.

పొద్దుటి నుంచి అయిన పనులు: పాలకేంద్రంలో ఆరు లీటర్లు పోయించాను. మిరప నారుమడికి నీళ్ళు పెట్టించాను. అటక మీది గోనెసంచులు దింపి ఎలకలు కొట్టినవి పదకొండు వేరు చేశాను. కందిపప్పు ఎండబెట్టి ఎత్తాను. మీ అన్నయ్య మందులు వారానికి సరిపడా డబ్బాల్లో సర్దాను. మిగిలింది నీకు ఉత్తరం. అదే ఇది.

నాంచారూ, నీకూ శ్రీకృష్ణ అన్నయ్యకూ మేనకోడలు తేజశ్రీకీ దీవెనలు.

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని తేజశ్రీ నవ్వుతుందని తెలుసు. నవ్వనీ. వదినా ఆడపడుచులం మనిద్దరం ఫోనులో మొదటి నిమిషం క్షేమం, రెండో నిమిషం వంట, మూడో నిమిషం తగువు. "మీ ఇద్దరూ కాగితం మీద మాట్లాడుకోండి. కాగితం అరవదు" అని మీ అన్నయ్య రూలు పెట్టి ఆరేళ్ళయింది. నేను తప్పలేదు, నువ్వూ తప్పలేదు.

సంగతేమిటంటే, బుధవారం మీ అన్నయ్యని గుంటూరు తీసుకెళ్ళాం. గుండె చేయాల్సిన పనిలో మూడో వంతే చేస్తోందట. ఎన్నాళ్ళని నేను అడగలేదు, మావాడు చైతన్య అడిగాడు. "ఉప్పు మానేసి, కోపం మానేసి, పొలం మానేస్తే చాలాకాలం" అన్నాడు డాక్టరు. మూడూ మానేస్తే అది చెంచయ్య కాదు, వేరే ఎవరో అవుతాడు. ఆ మాట నేను పైకి అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు చిలకలూరిపేటలో ఆగాం. అక్కడ టీ తాగుతూ అన్నాడు: "నాంచారుని అంతదూరం ఇవ్వొద్దని మొత్తుకున్నాను, ఒక్కరు విన్నారా? పిలిస్తే పలికే దూరమా అది?"

నాకు మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చాక లెక్క వేశాను. చీరాల నుంచి విశాఖపట్నం రైలు మీద నాలుగు వందల నలభై కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. మన ఎదురింటి రహిమున్నీసా అల్లుడు మొన్న మీ ఊరి నుంచి విమానంలో వచ్చాడు. అతని టికెట్టు అడిగి తెచ్చి, సెంటర్లో కారు తిప్పే వాళ్ళని కనుక్కుని, ఇలా రాశాను:

నేను నీకు ఫోను చేసేది పొద్దున 6.00
నువ్వు ఇల్లు కదిలేది 9.30
విమానం లేచేది 11.40
గన్నవరంలో దిగేది 12.45
కారెక్కేది 1.00
మన గుమ్మం (నూటపాతిక కిలోమీటర్లు) 3.30

గాల్లో ఉండేది గంటా అయిదు నిమిషాలే. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "గంటా అయిదు నిమిషాలా! మన చేను దాకా నడిచి వెళ్ళొస్తే అంతే పట్టుద్ది కదే!" అన్నాడు. ఆ రాత్రి ఉప్పు లేని కూరతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

దీనికి నకలు నా పుస్తకంలో ఉంది. ఈ కాగితాన్ని నువ్వు బీరువా తలుపు లోపల అంటించుకో.

వదిన,
సుబ్బరావమ్మ

~

విశాఖపట్నం,
9 సెప్టెంబరు 2024.

వదినా, నమస్కారం.

నీ ఉత్తరం వచ్చిన రోజున హాస్టల్లో నూట నలభై మంది ఆడపిల్లలకి వినాయక చవితి వంట. ఉండ్రాళ్ళు చేస్తూ చదివాను, అందుకే కాగితం మీద మరకలు. నువ్వు చూడవులే, నా దగ్గరే ఉంటుంది కదా.

అన్నయ్య గుండె సంగతి చదివి మా ఆయనకి చూపించాను. క్రేను మీద పగలు డ్యూటీ చేసి వచ్చిన మనిషి, అన్నం కంచం పక్కకి జరిపాడు. "వెంటనే బయలుదేరు" అన్నాడు. వెంటనే అంటే ఇక్కడ సెలవివ్వరు. ఏడాదికి నాకున్నవి పన్నెండు రోజులు. దసరాకి పిల్లలు ఇళ్ళకి పోతారు, అప్పుడు పది రోజులు పెట్టుకుని వస్తాను. రైల్లోనే వస్తాను వదినా. విమానం అంటే నాకు భయం. తేజశ్రీ అయితే, "అమ్మా, కళ్ళు మూసుకుని తెరిచేలోపు అయిపోతుంది" అంటోంది. కళ్ళు మూసుకునే పనైతే ఇంట్లోనే పడుకోవచ్చుగా.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాగు పొంగితే అన్నయ్య నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని దాటించాడు. అవతల ఒడ్డున దింపి, "సాయంత్రం ఎన్నింటికి రావాలే?" అన్నాడు. "నాలుగింటికి" అన్నాను. మూడింటి నుంచే ఒడ్డున నిలబడి ఉన్నాడట. మా టీచరు చెప్పింది. ఆ మనిషికి దూరాలతో ఎప్పుడూ పడదు.

దసరాకి వస్తున్నానని చెప్పు. బొబ్బట్లు చేసి పెడతాను, అందులో ఉప్పు లేదు కదా.

నీ ఆడపడుచు,
నాంచారమ్మ

~

పర్చూరు,
20 సెప్టెంబరు 2024, శుక్రవారం.

నేటి పనులు: ఎనిమిది మంది కూలీలకి రెండు పూటలా టీ. మిరప మొక్క ఎకరన్నర నాటాం. పత్తికి మందు కొట్టించాను. బాత్రూము కుళాయి బాగు చేయించాను. చైతన్య గుంటూరు కోల్డ్ స్టోరేజీలో డ్యూటీకి వెళ్ళాడు, వాడికి చొక్కాలు మూడు ఇస్త్రీ.

నాంచారూ,

దసరాకి రావద్దు. ఇలా రాశానని కోపం తెచ్చుకోకు, కారణం ఉండే రాస్తున్నాను. నీకున్నవి పన్నెండు రోజులు. అందులో పది ఇప్పుడే వాడేస్తే రేపు నిజంగా పిలిచిన రోజున ఏ మొహం పెట్టుకుని సెలవు అడుగుతావు? ఇప్పుడు మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. పొద్దున గేటు దాకా నడిచాడు. కూలీల మీద అరవబోయి నన్ను చూసి మానుకున్నాడు. సెలవులు దాచుకో. అవసరం పడిననాడు గంటలో వాలతావు.

బొబ్బట్లకి బెల్లం ఎంత పడుతుందో నాకు తెలుసు. ఆయనకి చక్కెర కూడా ఉంది, మరిచావు.

వదిన,
సుబ్బరావమ్మ

~

విశాఖపట్నం,
20 జనవరి 2025.

వదినా,

నాలుగు నెలలు రాయలేదు. రాద్దామని కూర్చుంటే రాయాల్సిన మాటకి బదులు వేరే మాటలు వచ్చేవి. ఇవాళ అసలు మాటే రాస్తాను.

కిందటి వారం మన ఊరి బుల్లయ్య తన లారీలో తెచ్చిన పత్తి దింపడానికి హార్బరుకి వచ్చాడు. ఇంటికొచ్చి భోజనం చేశాడు. అన్నయ్య ఎలా ఉన్నాడంటే నీళ్ళు నమిలాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. అరుగు మీద నలుగురిలో అన్నయ్య అన్నాడట: "రైలు దూరమున్నన్నాళ్ళూ దూరం అనుకున్నాను రా. ఇప్పుడు గంటేగా. గంట దూరంలో ఉండి కూడా అయిదు నెలలు రాలేదంటే, ఆ దూరం రైలుదీ కాదు, విమానానిదీ కాదు."

బుల్లయ్య ముందే ఏడ్చాను వదినా. అతను అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నేను వస్తానన్నాను. వద్దన్నది నువ్వు. ఆ సంగతి అన్నయ్యకి చెప్పావా? నేను దసరాకి పది రోజులు అడిగి పెట్టుకున్నానని, నీ ఉత్తరం చూసి వెనక్కి తీసుకున్నానని, చెప్పావా? ఎనిమిది గంటల దూరంలో ఉన్నప్పుడు నేను రాకపోతే పాపం అనేవాడు. నువ్వు దాన్ని గంట చేశావు. ఇప్పుడు రాకపోతే పొగరు అంటున్నాడు.

నేను రావడం నీకు ఇష్టం లేకపోతే ఆ మాటే రాయి. సెలవుల లెక్క చెప్పకు.

నాంచారమ్మ

~

పర్చూరు,
6 ఫిబ్రవరి 2025, గురువారం.

నేటి పనులు: రెండో కోత కాయ కల్లంలో ఆరబోయించాను. తాలు కాయ ఏరించాను. పద్నాలుగు మంది కూలీలు, ఇద్దరు మధ్యాహ్నం మానేశారు. మీ అన్నయ్య కాళ్ళ వాపు కొలిచాను, కిందటి వారం కన్నా అర అంగుళం ఎక్కువ. పాత చీరలు రెండు కుట్టి కల్లం మీద కప్పాను, మంచు పడుతోంది.

నాంచారూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెప్పలేదు. చెబితే నా మీద ఎగురుతాడు, గుండెకి మంచిది కాదు. ఆయన అరుగు మీద అన్న మాటలన్నీ నిజమనుకుంటే నేను ఈ ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసేదాన్ని కాదు. నువ్వు రావడం నాకు ఇష్టం లేదని రాశావు. ఆ వాక్యానికి నేను జవాబు రాయను.

రోజూ సాయంత్రం కల్లంలో కుర్చీ వేయించుకుని కూర్చుంటున్నాడు. ఒక్కో కాయా తీసి, ఎండకి పట్టి చూసి, నచ్చినవి తువ్వాల్లో వేసుకుంటున్నాడు. "ఎవరికయ్యా ఆ ఏరుడు?" అంటే, "నీకెందుకే, కాయ నాది, తువ్వాలు నాది" అన్నాడు. ఆ తువ్వాలు నువ్వు పంపిన గళ్ళదే.

మార్చి రెండో వారంలో బస్తాలు గుంటూరు మిర్చి యార్డుకి పోతాయి, ఇల్లు ఖాళీ అవుతుంది. ఇరవైకి తేజశ్రీ ఇంటరు పరీక్షలూ అయిపోతాయి. ఇరవై ఒకటిన రా. పది రోజులు ఉండు. విమానంలోనే రా, ఆయన లెక్క సరిపోతుంది. కాగితం నీ దగ్గర ఉంది కదా.

వదిన,
సుబ్బరావమ్మ

~

విశాఖపట్నం,
29 మార్చి 2025.

వదినా,

రేపు ఉగాది. మాకు పండగ లేదు కనుక ఇవాళ రాయడానికి తీరింది.

పదకొండు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే చాప మీద కూర్చున్నాం. ఒక్క మాట అడగలేకపోయాను. పెద్దకర్మ నాడు అన్నం ముట్టకుండా బస్సెక్కానని ఆదెయ్య బాబాయి తిట్టాడట. తిట్టనీ. కాగితం అరవదన్నాడు అన్నయ్య. అందుకే కాగితం మీద అడుగుతున్నాను.

మార్చి పదమూడు పొద్దున అయిదున్నరకి చైతన్య ఫోను చేశాడు. "అత్తా, నాన్న" అన్నాడు, అంతే. మా ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నాడు. తేజశ్రీకి పరీక్ష. వాళ్ళని రాత్రి రైలుకి రమ్మని నేను ఒక్కదాన్ని బయలుదేరాను. ఏడున్నర రైలు ఉంది. ఎక్కి ఉంటే మూడున్నరకి చీరాల, నాలుగుంపావుకి ఇల్లు. ఎక్కలేదు. బీరువా తలుపు తీసి నీ కాగితం చూసుకున్నాను. అందులో 3.30 అని ఉంది. నా మీద నాకు లేని నమ్మకం నీ లెక్క మీద ఉంది వదినా.

విమానం యాభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. నీ కాగితంలో ఆ వరుస లేదు. గాల్లో గంటా అయిదు నిమిషాలే, అది నిజం. కిటికీలోంచి మబ్బులు తప్ప ఏమీ కనపడలేదు. పక్కాయన "మొదటిసారా అమ్మా?" అని అడిగాడు. తల ఊపాను. "భయపడకండి, దగ్గరే" అన్నాడు.

కారెక్కేసరికి రెండూ అయిదు. డ్రైవరు పేరు అమానుల్లా, మన వైపువాడే. సంగతి చెబితే బాడుగ ఎంతో కూడా మాట్లాడకుండా ఎక్కమన్నాడు. గుంటూరు దాకా గాలిలా తెచ్చాడు. యార్డు దగ్గరికి వచ్చాం. అక్కడి నుంచి కంటికి ఆనినంత మేర లారీలు. అన్నిట్లో మిరప బస్తాలే. అద్దాలు ఎక్కించినా ఘాటు. కళ్ళలో నీళ్ళు దేనికి వస్తున్నాయో నాకే తెలియలేదు. అమానుల్లా దిగి, ముందుకు పరిగెత్తి వెళ్ళి చూసి వచ్చాడు. "మిర్చి సీజను కదమ్మా, ఏం చేస్తాం" అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. నువ్వు ఆ కాగితం రాసింది ఆగస్టులో. మిరప పండించే ఇంటి ఇల్లాలివి. మార్చిలో గుంటూరు దారి ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పాలా?

నా ఫోనులో ఛార్జింగు అయిపోయింది. అతని వైరు నా ఫోనుకి పట్టలేదు. అతని ఫోను నా చేతికిచ్చి "చేయండమ్మా" అన్నాడు. నాకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే. ఇరవై ఏళ్ళుగా మారని నంబరు, అన్నయ్యది. అదే చేశాను. ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు కదా, తీస్తారు కదా అనుకున్నాను. మూడున్నర దాటాక మొదలుపెట్టి ఏడుసార్లు చేశాను. ఆరుసార్లు మోగి మోగి ఆగిపోయింది. ఏడోసారి మధ్యలో ఎవరో ఆపేశారు.

దారి వదిలేసరికి నాలుగు దాటిపోయింది. ఇంటి ముందు దిగింది అయిదూ ఇరవై అయిదుకి. వసారా కడిగేసి ఉంది. తడి ఇంకా ఆరలేదు. ఆ తడిలోనే నిలబడ్డాను. కాళ్ళకి చల్లగా తగిలింది. అదే నాకు దక్కింది.

ఆ ఫోను దగ్గర ఎవరున్నారు వదినా?

ఇంకొకటి. అమానుల్లాకి బాడుగ ఇవ్వలేదు. నేను లోపలికి పరిగెత్తాను, అతను అడగకుండానే వెళ్ళిపోయాడు. అతని నంబరు నేను రాసుకోలేదు. అది నా మీద ఉండిపోయింది.

నాంచారమ్మ

~

పర్చూరు,
10 ఏప్రిల్ 2025, గురువారం.

ఈ రోజు పనులు: ఏమీ లేవు. కూరగాయలు కూడా తరగలేదు. పొద్దుటి నుంచి ఈ ఉత్తరమే.

నాంచారూ,

అమానుల్లా నంబరు నా దగ్గర ఉంది. మీ అన్నయ్య ఫోనులో ఏడుసార్లు ఉంది.

నీ ఉత్తరం రాకముందే తెలిసింది. ఈ నెల ఒకటో తారీకున ఫోను తీసి, ఎవరెవరికి ఇంకా కబురు అందలేదో చూద్దామని ఆ నంబరుకి చేశాను. యార్డులో ఎవరో అయ్యుంటారు, ఆయన లేడని చెప్పాలి అనుకున్నాను. అవతల నుంచి, "అమ్మా, ఆ రోజు నేను దింపిన అమ్మ బాగున్నారా? చూపు దక్కిందా?" అని అడిగాడు. అతను "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

ఫోను దగ్గర నేనే ఉన్నాను.

ఎందుకు తీయలేదో రాస్తాను. ముందురోజు సాయంత్రం మన బస్తాలు ముప్పై ఎనిమిది బుల్లయ్య లారీకి ఎక్కించి ఉన్నాయి. తెల్లవారి అయిదింటికి మీ అన్నయ్య పోయాడు. పదకొండింటికి బుల్లయ్య వచ్చి, "అక్కా, బండి ఆపేదా?" అన్నాడు. మబ్బు పట్టి ఉంది. తడిస్తే కాయ పోతుంది. ఆయన ఏడాది కష్టం అది. "పంపించెయ్" అన్నాను. మధ్యాహ్నం ఫోను మోగేసరికి, లారీ చేరిందని చెప్పడానికి యార్డు గుమాస్తా చేస్తున్నాడు అనుకున్నాను. మొగుడి శవం పక్కన కూర్చుని మిరపకాయల రేటు మాట్లాడింది అంటారు. ఆ సిగ్గుకి తీయలేదు.

బుల్లయ్య తరువాత చెప్పాడు, ఆ రోజు యార్డు ముందు గంటన్నర కదల్లేదని. నువ్వు చూసిన ఆ వరుసలో మన ముప్పై ఎనిమిది బస్తాలూ ఉన్నాయి.

దసరాకి ఎందుకు వద్దన్నానో కూడా రాస్తాను. సెలవుల లెక్క అబద్ధం కాదు, కానీ అది రెండోది. అంత దూరం నుంచి నువ్వు పండగ పూట పది రోజులు పెట్టుకుని వస్తే, తన పని అయిపోయిందనుకుంటాడని నాకు భయం. నువ్వు రానన్నాళ్ళూ ఆయనకి ఏమీ కానట్టే నాకు అనిపించేది. ఆ భయాన్ని కాగితం మీద పెట్టలేక లెక్క పెట్టాను.

ఆ రోజు మేము నీకోసం ఆగింది ఒక గంట. నువ్వు చూడాల్సిన గంట అది. మళ్ళీ తేలేను. నాకు వేళలు గుర్తుంటాయి, ఎదురుగా గోడ గడియారం ఉంది. ఫోను మోగిన వేళలు ఫోనులో ఉన్నాయి. వరుసగా రాస్తున్నాను.

3.40. నీ వేళ దాటి పది నిమిషాలు. మీ అన్నయ్య వసారాలో, తల దక్షిణానికి. తెల్ల పంచె. నీ గళ్ళ తువ్వాలు భుజాన వేయించాను. గడ్డం చైతన్య గీశాడు, కత్తి జారి కుడి దవడ కింద గాటు పడింది. రక్తం రాలేదు.

3.42. అలమరలో మందుల డబ్బా పక్కన ఫోను మోగింది.

3.50. ఆదెయ్య చినమామయ్య వచ్చి, "ఏమ్మా, మీ ఆడపడుచు ఎందాకా వచ్చింది?" అన్నాడు. చైతన్య నీకు చేశాడు. స్విచ్చాఫ్ అని వచ్చింది. వాడు చెప్పేలోపే అలమరలో రెండోసారి మోగింది.

3.58. దీపంలో నూనె పోశాను. రహిమున్నీసా విసనకర్రతో ఈగలు తోలుతోంది. చెయ్యి మార్చుకుంది కానీ ఆపలేదు.

4.04. మూడోసారి.

4.10. మబ్బు విడిచి ఎండ వచ్చింది. ముఖం మీద పడుతోందని చూరుకి పట్టా కట్టించాను. నీడలో మనిషి నల్లగా కాకుండా మామూలుగా కనిపించాడు. పడుకున్నట్టే.

4.12. నాలుగోసారి. 4.20, అయిదోసారి. "ఎవరో తెగ చేస్తున్నారు సుబ్బరావమ్మా" అంది రహిమున్నీసా. "మిరపకాయల వాళ్ళు" అన్నాను.

4.26. ఆరోసారి.

4.30. చినమామయ్య గట్టిగానే అన్నాడు: "పొద్దు చూడండి. గంటలో వచ్చే మనిషికోసం గంట ఆగాం. ఇంక రాదమ్మా ఆ పిల్ల." అందరూ నా వైపు చూశారు. నేను పుస్తకం తెప్పించి నకలు చూశాను. "మూడున్నరకి రావాలి. ఈ లెక్క తప్పదు. విమానం అంది ఉండదు" అన్నాను. చైతన్య, "ఇంకో అరగంట చూద్దామా అమ్మా?" అన్నాడు. కాగితం చూసి, "వద్దు" అన్నాను. ఆ మాట నాది. చినమామయ్యది కాదు.

4.31. ఏడోసారి. నేనే లేచి వెళ్ళి ఫోను తీశాను. పేరు లేని నంబరు. పక్కన మీట నొక్కి ఆపేశాను.

4.36. చివరిచూపుకి అందరినీ రమ్మన్నారు. ఎడమ కన్ను కాస్త తెరిచి ఉంది. మూయబోతే మూసుకోలేదు. "ఎవరికోసమో చూస్తున్నాడు" అని ఎవరో అన్నారు. వంగి ఆయన చెవిలో నీ పేరు చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

4.40. తీశారు.

ఇంతే. ఇందులో కలిపింది లేదు, దాచింది లేదు.

ఆయన కల్లంలో ఏరిన కాయ తొడిమలతో సహా నాలుగు కిలోల మూడు వందల గ్రాములు ఉంది. ఎవరికని చెప్పకుండానే పోయాడు, కానీ ఎవరికో నాకు తెలియదా? బస్సు పార్శిల్లో వేయించాను.

అమానుల్లా బాడుగ తీసుకోనన్నాడు. "చూపు దక్కించలేని బండికి బాడుగేంటమ్మా" అన్నాడు. రహిమున్నీసా అల్లుడి చేత ఫోనులో వేయించాను, మూడు వేల రెండు వందలు. నీ మీద ఉన్నది పోయింది.

నా మీద ఉన్నది పుస్తకంలో విడిగా ఒక పేజీ తీసి రాసుకున్నాను: "నాంచారుకి ఒక గంట." దాని ఎదురుగా ఏమీ రాయలేదు. రాసే హక్కు నాది కాదు.

వదిన,
సుబ్బరావమ్మ

~

విశాఖపట్నం,
22 ఏప్రిల్ 2025.

వదినా,

కార్డు ముక్కే రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులయింది. మొదటి పేజీ చదివి, వేళలు మొదలైన చోట ఆపాను. నిన్న సెలవు పెట్టాను. మధ్యాహ్నం మూడూ నలభైకి తలుపు వేసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని మిగతాది తీశాను. నువ్వు రాసిన వేళ వచ్చినప్పుడే ఆ వరుస చదివాను. మధ్యలో ఊరికే కూర్చున్నాను. ఏడుసార్లూ ఫోను మోగింది. ఏడోసారి నువ్వు ఆపినప్పుడు నిన్ను గట్టిగా తిట్టాను, పైకే. తేజశ్రీ తలుపు కొట్టింది. తీయలేదు. నాలుగూ నలభైకి లేచి స్నానం చేశాను.

కాయ అందింది. తూచలేదు. నువ్వు తూచావుగా.

పుస్తకంలో నా పేజీ తీసి, ఎదురుగా ఇలా రాసుకో: ఒక గంట ముట్టింది, చెల్లు.

నాంచారమ్మ